ఎర్రయ్య చెంపకు సరిపడే ఎత్తు

మోతె చుట్టుపక్కల చేలమీద అడవిపందులు పడ్డాయంటే ముందు ఎర్రయ్యకే ఫోన్ వచ్చేది. సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఇంట్లో లైసెన్సున్న బోల్ట్ రైఫిల్ ఉండేది. గుండు పేలిన ప్రతిసారీ పక్కనున్న పిడిని చేత్తో పైకెత్తి, వెనక్కి లాగి, మళ్లీ ముందుకు తోయాల్సిన రకం. ఊరి సర్పంచ్ కాగితం రాసిస్తే తప్ప దాన్ని భుజాన వేసేవాడు కాదు. పంది ఒక్క దెబ్బకు పడుతుందని నమ్మకం కుదరకపోతే ఊరికే తిరిగొచ్చేవాడు.

"దెబ్బ తిని ఉరికిందనుకో, ఏ పొదలనో పడి ఎంత గోసపడ్తదో ఎర్కేనా నీకు? గొర్లకాడ పెరిగినోన్ని, నాకెర్క," అనేవాడు.

కంటిచూపు మందగించాక తుపాకికి స్కోపు పెట్టించాడు. ఆయన భార్య ఈదమ్మ దాన్ని దుర్బిణి అంటుంది. ఆ గొట్టాన్ని తుపాకి మీద పట్టి ఉంచేవి రెండు రింగులు. చూడటానికి ఏమీ కాదుగానీ వాటి ఎత్తులోనే అంతా ఉందట. నేను అడిగితే అరుగు మీద కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు.

"కండ్లు మూస్కో. చెంపను తుపాకి కట్టె మీద పెట్టు, మెత్త మీద పండుకున్నట్టు. ఇగ తెరువు. గుండ్రంగ, నిండ కనవడితే ఎత్తు సరిపోయినట్టు. అంచుకు నల్లగ వచ్చిందంటే తప్పు. మెడ సాపి ఎతుక్కుంటే గది షూటింగ్ కాదు, గోడమీంచి పక్కింట్లకు తొంగిసూసుడు."

"నీకు గదీ అలవాటే," అంది ఈదమ్మ లోపలినుంచి.

ఆ రోజు ఆయన కుడి బుగ్గలో ఖైనీ ఉంది. సైన్యంలో అంటుకున్న అలవాటు. ఎప్పుడూ ఆ బుగ్గలోనే.

కొన్నాళ్లకు అక్కడే పుండు లేచింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి దవడ ఎముక కొంత, బుగ్గ కొంత తీసేశారు. ఇంటికి వచ్చేసరికి మాట ముద్దగా వచ్చేది, పల్చటి జొన్న గటక తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. ఈదమ్మ అద్దాన్ని తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. ఆయన అడగలేదు.

కాస్త కోలుకున్నాక నడిగూడెం నుంచి బావమరిది ఫోన్ చేశాడు. మక్కచేనులో పందులు పడి తొక్కుతున్నాయని. "నువ్వు రాగలిగితేనే రా బావా," అన్నాడు. ఆ మాట ఎర్రయ్యకు గుచ్చుకుంది. వెంటనే తుపాకి తీశాడు. గుండ్లు లేకుండా, కళ్లు మూసుకుని, చెంప ఆనించి తెరిచాడు. అంచున నల్లటి నెలవంక. మళ్లీ మూశాడు, మళ్లీ తెరిచాడు. అదే నెలవంక.

"రింగులు కదిలినయి," అన్నాడు.

మిర్యాలగూడలో ఏసుపాదం అని లేత్ పనివాడున్నాడు. రైస్‌మిల్లుల షాఫ్టులు బాగుచేస్తాడు. ఎర్రయ్యకు పాత స్నేహితుడు. ఆయన రింగులు చూసి, బిగువుగానే ఉన్నాయన్నాడు. ఎర్రయ్య వినలేదు. తక్కువ ఎత్తువి తెప్పించి వేయించాడు. ఇప్పుడు గుండ్రంగా నిండుగా కనిపించింది. కానీ బోల్టు పిడి పైకెత్తబోతే కిందికి దిగిన స్కోపుకు తగిలి ఆగిపోయింది. పిడి లేవకపోతే రెండో గుండు లేదు.

"పిడి జర వంచాలె, ఎర్రన్నా."

"లైసెన్సు తుపాకిని వంచుతవా? నన్ను జైలుకు పంపితే నీకేమొస్తది?"

"నీ లొల్లి తప్పుతది."

ఇద్దరూ నవ్వారు. పాత రింగులు మళ్లీ ఎక్కాయి. తర్వాత కూడా ఎర్రయ్య బస్సెక్కి మిర్యాలగూడ పోతూనే ఉన్నాడు. ఒకసారి రింగు కింద రేకు పెట్టమని, ఒకసారి స్కోపు వెనక్కి జరపమని. ఏసుపాదం అడిగిందల్లా చేసి, టీ తాగించి పంపేవాడు.

"నాకు మొదటిరోజే తెల్సింది," అని తర్వాత నాతో అన్నాడు. "గాయన మొకం సూసుకుంట ఎట్ల చెప్త?"

చెప్పింది ఈదమ్మ. ఒకనాడు బస్సుకు బయల్దేరుతుంటే గడపలో అడ్డంగా నిలబడింది.

"ఆ ఇనుమును ఎందుకు సతాయిస్తవయ్యా? తుపాకి ఎట్లున్నది గట్లనే ఉన్నది. నీ బుగ్గనే పాయె. గందుకే కన్ను కిందికి దిగింది."

ఎర్రయ్య బూట్లు విప్పి మంచం మీద కూర్చున్నాడు. ఆ పూట గటక ముట్టలేదు. మర్నాడు పొద్దున ఆమెను పిలిచి, "ఎంత పాయెనో సూసి చెప్పు," అన్నాడు.

ఆమె ఒక చేత్తో ఎడమ బుగ్గ, ఇంకో చేత్తో కుడి బుగ్గ పట్టుకుని చాలాసేపు చూసింది. లోపలికి పోయి మామది, ఎర్రయ్య తండ్రిది, గొంగడి తెచ్చింది. గొర్లతో తిరిగినన్నాళ్లూ ఆ ముసలాయన కప్పుకున్నది. దాని మూల కత్తిరించి, మడిచి, తుపాకి కట్టె మీద చెంప ఆనేచోట కట్టింది.

"కండ్లు మూస్కో."

మూసుకుని ఆనించాడు. తెరిచాడు. "ఇంకో మడత."

ఇంకో మడత వేసింది.

"ఇంకొంచెం... ఆగు. ఆగు."

"నిండిందా?"

"పున్నమే," అన్నాడు. ఆ కంట్లోంచి నీళ్లు కారి గొంగడి మీద పడ్డాయి. పిడి ఎత్తి, లాగి, తోశాడు. దేనికీ తగల్లేదు. ఈదమ్మ దబ్బనంతో మడతలన్నీ కలిపి కుట్టింది.

నడిగూడెం పోయేముందు కోదాడలో డాక్టరుకు చూపించుకోవాల్సి ఉంది. డాక్టరమ్మ ఆయన మెడ తడిమి, పరీక్షలు రాసింది. రిపోర్టులు వచ్చాక, రోగం మెడలోకి దిగిందని చెప్పింది. ఎర్రయ్య ఒక్కటే అడిగాడు.

"తుపాకి పేలిస్తే అదురుతది. ఒక్క గుండు?"

"ఒక్కటి కూడా వద్దండి. ఆ దవడ తట్టుకోదు."

బస్టాండులోనే బావమరిదికి ఫోన్ చేశాడు. "వేరేటోన్ని పిలువు. ఒక్క దెబ్బకు కొట్టేటోన్నే పిలువు," అని పెట్టేశాడు.

తర్వాత చేయి లేచినన్నాళ్లూ రోజూ పొద్దున ఖాళీ తుపాకి తీసుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎదురుగా బీడులో తాటిమొద్దు ఒకటి ఉంది. కళ్లు మూసి, చెంప ఆనించి, తెరిచి, మీట నొక్కేవాడు. టక్కుమనేది. "తగిలిందా?" అని ఈదమ్మ అడిగేది. "నడిమిట్ల," అనేవాడు.

బావమరిది మక్కచేను కోతకు రాకముందే ఎర్రయ్య పోయాడు. తుపాకిని సూర్యాపేటలో అప్పగించడానికి ఈదమ్మతో నేనూ వెళ్లాను. స్టేషన్‌లో కానిస్టేబుల్ ఆ గొంగడి మెత్తను తట్టి, "ఇదేందమ్మా, తుపాకిదేనా?" అన్నాడు.

"కాదు సారూ, మా ఆయనది," అని ఆమె ముడి విప్పి, దాన్ని కొంగులో పెట్టుకుంది.

మొన్న చలికాలంలో వాళ్లింటికి పోయాను. మామ గొంగడి కప్పుకుని కూర్చుంది. కత్తిరించిన మూల దగ్గర భుజం బయటికి కనిపిస్తోంది. చలి పెట్టడం లేదా అని అడిగాను.

"పెడ్తది. గా ముక్క తెచ్చి అతికిస్తే సరిపోతది. మడతలు ఇప్పాలె గదా మరి," అంది. భుజం మీదికి కొంగు లాక్కుంది.