చెన్నైలో మారితే

ఇది జరిగినప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు చదవడం కాస్త పట్టుబడిందే గాని, రాయడం పేర్ల దగ్గరే ఆగిపోయింది. యాభై దాటాక, అంగన్‌వాడీ గదిలో పిల్లలు వెళ్లిపోయిన మధ్యాహ్నాలు అక్షరాలు దిద్దినదాన్ని. ఒక వాక్యం పక్కన ఇంకో వాక్యం నిలబెట్టడానికి మరో ఏడాది పట్టింది.

మా అమ్మాయి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది. అల్లుడిది తాపీపని. మా వైపు నుంచి అలా ఓడెక్కి వెళ్లి అక్కడ స్థిరపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మాయికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి ఏడో నెల వచ్చింది. డాక్టరు ప్రయాణాలు వద్దన్నాడు.

మా ఇళ్లలో ఏడో నెల దాటకుండా తల్లి తన చేత్తో చేసిన చలిమిడి తీసుకెళ్లి కూతురి ఒడిలో పెట్టాలి. కిందటిసారి ఓడలో వెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపాను. చేరేసరికి పులిసిపోయిందట. దానివల్లే అలా జరిగిందని నేననను. కానీ ఈసారి ఇంకొకరి చేత పంపడానికి మనసు రాలేదు. ఓడ చూస్తే నెల దాటాక గాని లేదు.

పక్కింటి కోడలు నన్ను అత్తా అంటుంది. తన ఫోనులో ఒక విమానాల కంపెనీ పేజీ తెరిచి తెచ్చింది. ఎక్కడి నుంచి బయల్దేరతామో పైన గడిలో పెడితే, అక్కడి నుంచి వాళ్ల విమానాలు ఏయే ఊళ్లకు పోతాయో కింద వరసగా వస్తాయి. అక్షరాలన్నీ తెలుగులోకి మార్చి ఇచ్చింది.

"నువ్వే సదువు అత్తా, నాను పొయ్యి మీద అన్నం దించొస్తాను."

గడిలో నరసన్నపేట అని కొట్టాను. ఏమీ రాలేదు. శ్రీకాకుళం అని కొట్టాను. అదీ అంతే. కోడలు తిరిగొచ్చి చూసి పడీపడీ నవ్వింది.

"మన పేటలో ఇమానం దిగుతాదేటే అత్తా?"

"ఎక్కడ బయల్దేరతావని అడిగింది గదే! నాను బయల్దేరీది ఇక్కడినుంచే గదా?"

"ఇమానం ఎక్కడ బయల్దేరతాదో అది సెప్పాల."

విశాఖపట్నం పెట్టాం. వరస వచ్చింది. ఒక్కో పేరూ వేలుపెట్టి చదివాను. పోర్ట్ బ్లెయిర్ లేదు. నా చదువు మీద నాకే నమ్మకం లేక మళ్లీ చదివాను. కోడలు కూడా చూసి, "నేదు అత్తా," అంది.

అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. "పోన్లే అమ్మా, ఇక్కడ పక్కింటావిడ పెడతానందిలే," అంది. ఆ గొంతు విన్నాక నాకు కూర్చోబుద్ధి కాలేదు.

మేం రామతీర్థం వెళ్లాలంటే మా ఊళ్లో ఎక్కిన బస్సు అక్కడ దింపదు. విజయనగరంలో దిగి ఇంకో బస్సెక్కుతాం. విశాఖపట్నం కింద ఉన్నవి అక్కడ ఎక్కితే దిగే ఊళ్లే గదా, ఆ ఊళ్ల నుంచి ఎక్కడికి పోతాయో నేను చూడలేదు గదా అనిపించింది. కోడలి దగ్గర ఫోను మళ్లీ తీసుకున్నాను. వరసలో ఉన్న ఊళ్లను ఒక్కొక్కటే పై గడిలో పెట్టాను. ముంబై పెట్టాను, లేదు. ఇంకోటి పెట్టాను, లేదు. కళ్లు నీళ్లు కారుతున్నాయి. చెన్నై పెట్టాను. కిందికి, కిందికి జరుపుతుంటే పో... ర్ట్... ఒత్తు దగ్గర ఆగి, కూడబలుక్కుని, మొత్తం చదివాను.

"ఒసే, ఇలా రా, సూడు!"

"ఉన్నాదే అత్తా! అయితే ఒక్కదానివే ఎల్తావేటి? మారడం తెలుస్తాదా?"

"బోర్డులుంటాయి గదా. సదువుకుంటాను."

అమ్మాయికి మళ్లీ చేసి, చెన్నైలో మారి వస్తానని చెప్పాను.

"ఎవులు సెప్పారే?"

"ఎవులూ సెప్పనేదు. నానే సదివాను."

"నువ్వా!" అని నవ్వింది. తర్వాత ముక్కు ఎగబీల్చుకుంటూ, "బెల్లం కాస్త ఎక్కువెయ్యి అమ్మా," అంది.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకు నరసన్నపేట వెళ్లాను. టికెట్ల కొట్టు ఇంకా తియ్యలేదు. మెట్టు మీద కూర్చున్నాను. కొట్టతను వచ్చి, ఎక్కడికో విని, "మనకి తిన్నగా నేదమ్మా," అన్నాడు. చెన్నైలో మారతానని చెప్పాను. నాలుగో రోజుకి టికెట్టు తీసుకుని, బజారులో కొత్త బెల్లం కొనుక్కుని ఇంటికొచ్చాను.