ఇంకోపాలి అనే బావ

బావ పోయాడన్న కబురు ఆదివారం పొద్దున్న వచ్చింది. ఫోనులో ఆయన పేరు కనబడగానే, రిహార్సల్‌కి మళ్ళీ ఆలస్యమని చెప్పడానికే అనుకుని, తిట్లు సిద్ధం చేసుకుని మరీ ఎత్తాను. అవతల అక్క, అంటే ఆయన భార్య. గుండెపోటట. ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే అయిపోయిందట. నోటిదాకా వచ్చిన తిట్లు అక్కడే ఉండిపోయాయి.

మీలో చాలామందికి ఆయన తెలియదు. మల్కాపురంలో ఒక షట్టర్ గదిలో వాయించుకునే మా నలుగురి రాక్ బ్యాండులో ఆయన డ్రమ్మర్. స్టీలు ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం, కూర్మన్నపాలెంలో ఇల్లు. నాకు చుట్టమేమీ కాదు. మా వైపు మగాళ్ళందరూ ఒకరికొకరు బావలే. మా అందరిలో పెద్దవాడు కాబట్టి ఆయనకి ఆ పిలుపు ఖాయమైపోయింది.

ఎంత విసిగించేవాడో చెప్పలేను. షిఫ్టు దిగి తిన్నగా రాడు. దారిలో మరమరాల ముంత మసాలా పొట్లాలు కట్టించుకుంటాడు. తిన్న ఆ కారం చేతులతోనే నా గిటారు ముట్టుకుంటాడు. ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయనివ్వడు. ఆ గాలికి డ్రమ్స్ మీది ఇత్తడి పళ్ళెం, సింబల్, మోత తేడాగా వినబడుతుందట! "సెమట పడితే పాటకే మంచిది బావ" అని పైగా ఒక సూక్తి.

వీటన్నిటినీ మించిన బాధ ఇంకొకటి. పాట ఎంత బాగా వచ్చినా, చివరి మోత గదిలో ఉండగానే "ఇంకోపాలి!" అని అరిచేవాడు. ఇంకోసారి అని. రికార్డింగులోనూ అంతే.

"కాసేపాగి అనొచ్చు కదా బావ, టేకు పాడైపోతంది" అని మొత్తుకునేవాణ్ణి.

"బాగొచ్చింది కాబట్టే ఇంకోపాలి అంతన్నాను. సెడిపోతే ఇంటికెల్లిపోదుం అనీవోడిని" అనేవాడు.

పడుతూ లేస్తూ ఆల్బమ్‌కి ఎనిమిది పాటలు కట్టాం. రికార్డింగ్ అయినవి మూడే. ముందుగా రుచి చూపిద్దామని ఆ మూడింటినీ ఈపీ అనే బుల్లి ఆల్బమ్‌గా విడుదల చేశాం. మిక్సింగ్ చేసినాయన హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, ఈ మాట ఎప్పుడూ విన్నవాడు కాదు. ప్రతి టేకు చివరా అదే వినబడేసరికి ఈపీ పేరు అదేననుకున్నాడు. మూడో పాట చివర బావ గొంతు తీసేయకపోగా ఇంకాస్త పెంచి, మొత్తానికి "ఇంకోపాలి" అని పేరు పెట్టి ఆన్‌లైన్‌లో ఎక్కించేశాడు. నేను నెలల తరబడి ఆలోచించి పంపిన పేరు ట్యాగ్‌లైన్ అనుకున్నాడట! మార్పించాల్సిందేనని నేను ఎగురుతుంటే బావ కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఉండనీ బావ. నీ పేరు ఎవులికి అర్దమవుద్ది?"

ఆ తర్వాత రెండు వారాలకే ఆయన లేడు. ఈపీ విన్నవాళ్ళు మాత్రం మిగతా పాటలు ఎప్పుడని మెసేజీలు పెడుతూనే ఉన్నారు. ఏమని చెప్పను? వాటి డ్రమ్స్ అన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆ చోట ఇంకొకరిని కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఇంత పని సగంలో వదిలేసి పోతాడా మనిషి అని మండిపోయింది. ఆల్బమ్ మానేద్దామని మిగతా ఇద్దరికీ చెప్పేశాను.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక అక్క మా ముగ్గురినీ పిలిచి, ఆ పాటలు వినిపించమంది. ఆవిడ ఏనాడూ మా సంగీతాన్ని భరించలేదు. రేకుల షెడ్డు కూలుతున్నట్టు ఉంటుందనేది. ఫోను బల్ల మీద పెట్టాను. మూడు పాటలూ తలవంచుకుని వింది. చివరి మోత పలచబడుతుండగా ఆయన గొంతు వచ్చింది. "ఇంకోపాలి!"

 నేను ఫోను అందుకోబోయాను.

"తీసేత్తన్నావేటి?" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూనే చిరాగ్గా. "మీ బావ ఇంకోపాలి అంతన్నాడు కదా. ఎయ్యి."

వేశాను. చివర్లో మళ్ళీ అదే మాట. పోయాక కూడా వదలడు కదా ఈ మనిషి అనుకున్నాను, ఏడుపు ఆగలేదు.

మిగిలిన అయిదు పాటలూ పూర్తి చేద్దామని మొన్న ఆదివారం షట్టర్ తీశాం. డ్రమ్స్ ముందు కొత్తాయన కూర్చున్నాడు. గది ఉడికిపోతోంది. ఆయన లేచి స్విచ్చు మీద చెయ్యి వేయగానే, ముగ్గురం ఒక్కసారే అరిచాం, ఫ్యాను వేయొద్దని.