తెల్లగోడ దగ్గర గుర్రాలు

ఎనిమిదేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. మూడక్షరాల మాట. గుర్రాలు.

మా ఇంట్లో నన్ను "దీని నోట్లో నువ్వుగింజ నానదు" అంటారు. నిజమే. పక్కింట్లో కూర మాడితే పైవీధికి చెప్పేది నేనే. అలాంటిదాన్ని, ఈ ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఆమెను లత అంటాను. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. జనగామ దగ్గర పత్తి, మక్కలు పండించుకునే ఇంటి పిల్ల. అడిక్‌మెట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, మరో ఇద్దరమ్మాయిలతో ఉండేది. మాది రాయలసీమ, అందుకే ఆమెను మా యాసలో "మే" అని పిలిచేదాన్ని. నాన్న ఉద్యోగం వల్ల నా చిన్నప్పుడే తార్నాక వచ్చేశాం. ఎం.ఏ.లో కలిసిన మేమిద్దరం, ఆ తర్వాత ఒకే ప్రభుత్వోద్యోగ పరీక్షకు చదివాం.

లతకు కూర్చుంటే చదువెక్కదు. నడవాలి. జి.కె. బిట్లను గుర్తుండడానికి ఒక్కొక్కటీ దారిలో ఒక్కొక్క చోట పెట్టుకుంటూ పోయేది. నేను పుస్తకం చూసి చదివేదాన్ని, ఆమె చోటు వెతికేది. కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత గైడులో లండన్ క్రీడా మైదానాలని ఒక పేజీ ఉండేది. ఆ పేజీని యూనివర్సిటీ క్యాంపస్ అంతా పరిచాం. ఆర్ట్స్ కాలేజీ మెట్లు వెంబ్లీ, ఫుట్‌బాల్. లైబ్రరీ పక్క పచ్చిక వింబుల్డన్, టెన్నిస్. పిల్లలు బ్యాట్లు పట్టుకుని కేకలేసే ఎర్రమట్టి నేల లార్డ్స్. వానకు నీళ్ళు నిలిచే మలుపులో పుట్నీ నుంచి మోర్ట్‌లేక్ దాకా పడవ పందెం. తార్నాక బస్టాపులో, ఒకరినొకరు తోసుకుంటూ బస్సెక్కే చోట, ట్వికెన్‌హామ్, రగ్బీ. సాయంత్రం ఎండ పల్చబడ్డాక ఆ దారిన నడుస్తుంటే ఊరు కాని ఊళ్ళో తిరుగుతున్నట్టే ఉండేది. చెట్ల మీద చిలకలు ఒక్కసారిగా గోల చేస్తే లత ఆగి, "ఇంటున్నవా? గోల్ పడ్డది," అనేది. అంత సుఖం నాకు మళ్ళీ దొరకలేదు. ఇదీ చెప్పాలి కదా మీకు.

మాక్ టెస్టుల్లో ఎప్పుడూ ఆమెదే పైచేయి. నేను నవ్వుతూ భుజం తట్టేదాన్ని. ఆ నవ్వులో నిజమెంతో అప్పుడు తరచి చూసుకోలేదు, చూసుకుని ఉంటే ఇప్పుడు మీకిది రాయాల్సిన పని ఉండేది కాదేమో.

పరీక్షకు ముందురోజు. ఆ పేజీలో ఒక్క బిట్టు మిగిలింది, వైట్ సిటీ. మా వీధి మొదట్లో తెల్లగోడ ఇల్లు ఒకటుంది. లత దాని ముందు ఆగింది.

"వైట్ సిటీ గీడ పెడదం. ఏం ఆటనే గాడ?"

గైడులో "కుక్కల పందేలు" అని ఉంది. గోడ నీడలో నాలుగు వీధికుక్కలు కాళ్ళు చాపుకుని నిద్రపోతున్నాయి. పేజీలో కుక్కలు, కళ్ళెదుట కుక్కలు.

"గుర్రాలు మే," అన్నాను.

లత పకపకా నవ్వింది. "గీడ కుక్కలు పన్నయి గదనే! గుర్రాలు యాడికెళ్ళి తేవాలె?" తర్వాత కళ్ళు మూసుకుని కాసేపు నిలబడింది. "సరే తియ్యి. గీ కుక్కలనే గుర్రాలనుకుంట. అయిపాయె."

ఎందుకన్నాను? ముందుగా అనుకున్నది కాదు. ఆ మాట మీరు నమ్ముతారా? నేనే పూర్తిగా నమ్మను. పోనీ, నోరు జారిందే అనుకుందాం. అక్కణ్ణుంచి బస్టాపు దాకా ఇద్దరం నడిచాం. "కాదు, కుక్కలే" అనడానికి ఎంతసేపు పడుతుంది? బస్సు చాలాసేపటికి గానీ రాలేదు. ఆమె ఎక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

మర్నాడు ఆ ప్రశ్న వచ్చింది. నేను కుక్కలకు గుర్తు పెట్టాను. తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాను.

కీ విడుదలయ్యాక లత ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. గైడులోనే తప్పు పడిందనుకుంది పిచ్చిది. "అయ్యో, గుర్రాల బిట్టు నీది గూడ పోయింది గదనే," అని నా కోసం బాధపడింది.

"అవును మే, నాదీ పోయింది," అన్నాను.

మొదటి అబద్ధానికి ఏదో ఒక సాకు వెతుక్కోవచ్చు. రెండోదానికి ఏం వెతకను?

నాకు ఉద్యోగం వచ్చింది. ఆమెకు ఒక్క మార్కుతో పోయింది. ఫలితాల మర్నాడు టిఫిన్ డబ్బా నిండా మక్క గారెలు తెచ్చి, మా అమ్మ చేతికిచ్చి, నన్ను కావలించుకుంది. గారెలు తిన్నాను. రుచిగా ఉన్నాయి కూడా.

మళ్ళీ నోటిఫికేషన్ పడేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. జీతం లేకుండా అన్నాళ్ళు ఆగే ఓపిక ఆమె ఇంటికి లేకపోయింది. ఇప్పుడు అడిక్‌మెట్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో జి.కె. చెబుతుంది. పిల్లల్ని బయటికి తీసుకెళ్ళి నడుస్తూ చెబుతుందట. "నేను, నా దోస్తు ఇద్దరం గుర్రాలే పెట్టినం. పుస్తకాన్ని గుడ్డిగ నమ్మొద్దు," అంటుందట. నేను కడుపులో చల్ల కదలకుండా ఉద్యోగం చేసుకుంటున్నాను.

ఒకరోజు ఆఫీసులో వైట్ సిటీ కోసం ఫోన్లో వెతికాను. ఆ స్టేడియాన్ని మేమిద్దరం పుట్టకముందే కూల్చేశారట. పాత గైడు పుణ్యమా అని, లేని మైదానం ఒకటి మా వీధి మొదట్లో మిగిలిపోయింది. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే తెల్లగోడ మీద ఎండ పడి ఉంటుంది. కుక్కలు లేచి ఒళ్ళు విరుచుకుంటాయి. ఒక్కోసారి వాటి మెడల మీద జూలు కనిపిస్తుంది. ప్రహరీల మీద వరసగా జనం కూర్చుని ఉంటారు, ఎవరూ అరవరు. గుర్రాలు చప్పుడు లేకుండా పరుగెడుతుంటాయి. మధ్యలో లత కళ్ళు మూసుకుని నిలబడి ఉంటుంది, నా మాట నమ్మి.

మీకు చెబితే ఆమెకు చెప్పినట్టు కాదు. తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, పోయింది మీది కాదు. ఆమె ఇది చదివితే తెల్లగోడను గుర్తుపడుతుంది. అదే నా భయం, అదే నా ఆశ కూడా. రాశాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

లతా, ఆ రోజు అడిగావు కదా, అక్కడ ఏం ఆట అని. కుక్కలు మే. నీ ఎదురుగా పడుకున్నవే.