మైకు టెస్టింగు రికార్డు

ఖమ్మంలో పాత సామాన్లమ్మే ఒకాయన మీద నేను ఏడాది పాటు పగ పట్టాను. ఇంత చిన్న విషయానికి అంత పగా అని మా ఆవిడ నవ్వేది. నవ్వనీ. నలుగురిలో పరువు పోయింది ఆమెది కాదు కదా!

నాకు సోల్, ఫంక్ అనే ఇంగ్లీషు దరువు పాటల పాత రికార్డుల పిచ్చి. అటొక పాట, ఇటొక పాట ఉండే చిన్న రికార్డులంటే ప్రాణం. ఆయన కొట్లో ఒకటి తళతళా మెరుస్తూ కనబడింది. "కొత్తదాని లెక్కనే ఉంది తమ్మీ, జల్దీ తీస్కో" అన్నాడు. మెరుపు చూసి కొన్నాను. ఇంటికొచ్చి సూది పెడితే పల్లీలు వేయిస్తున్నట్టు చిటపటలు. వాసన చూస్తే కొబ్బరినూనె! గీతలు కనబడకుండా నూనె రాసి తుడిచాడు, దొంగసచ్చినోడు.

వెనక్కి పట్టుకెళ్తే, టీ తాగుతున్న తన దోస్తుల ముందు, "నీ సూదే మంచిగ లేదు. ఇనుడు రాదు గాని ఇంగ్లీషు పాటలు గావాల్నంట!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ సంగతి చూస్తానని పళ్ళు నూరుకుంటూ వచ్చేశాను.

అప్పటి నుంచి ఏ రికార్డయినా ముందు వాసన చూస్తాను. ఎండకు ఏటవాలుగా పట్టి, కనబడ్డ గీత మీద గోరు ఆనిస్తాను. గోరు అందులో ఇరుక్కుంటే సూదీ ఇరుక్కుంటుంది, ఇక అది వద్దు.

మొన్న వానాకాలంలో మళ్ళీ వెళ్ళాను. అదే టీ, అవే దోస్తులు. కారేపల్లి వైపు మూతబడ్డ మైకుసెట్టు షాపు సామానంతా తెచ్చి కుప్ప పోశాడు. అందులో నేను ఏళ్ళుగా వెతుకుతున్న ఫంక్ రికార్డు, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆయన ప్లేయర్ మీద పెట్టాడు. గరగరమంది. వెంటనే సూది ఎత్తేసి, "కచరా. గావాల్నంటే ఉత్తగనే తీస్కపో" అన్నాడు.

నేను రికార్డు చేతిలోకి తీసుకున్నాను. మా మేనమామ కూడా మైకుసెట్టు మనిషే. చండ్రుగొండ అడవి ఊళ్ళలో పెళ్ళిళ్ళకు పోయేవాడు. మైకు హారన్లు కట్టగానే ఇంగ్లీషు రికార్డు పెట్టి, దరువు అదురుతోందో లేదో చూసి, "అవ్, మంచిగుంది" అని తీసేసి పెళ్ళి పాటలు వేసేవాడు. అందుకే టెస్టింగు రికార్డు అంచు దగ్గర, పాట మొదలయ్యే చోటే అరుగుతుంది. మిగతా పాట మీద సూదే పడదు. దుమ్ము తుడిచి, వెలుతురుకు పట్టి చూశాను. అంచు తెల్లబారింది, మిగతాదంతా నల్లగా, గీత లేకుండా ఉంది.

"మాట మారవు గదా అన్నా?" అని అందరూ వినేలా అడిగాను. "మార తమ్మీ, తీస్కపో" అని నవ్వాడు. రికార్డును మళ్ళీ ఆయన ప్లేయర్ మీదే పెట్టాను. గరగర. మళ్ళీ నవ్వులు. "జర ఆగున్రి" అన్నాను. గరగర తగ్గి, బేస్ గిటారు, దాని వెనకే డ్రమ్ములు, కడిగినంత శుభ్రంగా వచ్చాయి. కొట్టు అదిరింది. ఆయన మొహం మాడిపోయింది. అబ్బ, నా కడుపు నిండింది! కాసేపటికి ఆయన తల కూడా ఊగింది. పాట నచ్చేసింది పాపం.

పాటగాడు గొంతెత్తబోతుండగా సూది ఎత్తేశాను.

"ఏంది తమ్మీ, గట్ల తీసినవ్? మొత్తం ఇననియ్యి!"

"ఎట్ల ఇంటవన్నా? నీ సూది మంచిగ లేదు" అని రికార్డు సంచిలో పెట్టుకున్నాను.

ఆ పాటలో తర్వాత ఏముందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. నేను రోజూ వింటున్నాను.