పోస్ట్ బాక్స్ నంబరు పట్టుకుని సూర్‌కి

ఒమన్‌లో మామూలుగా ఇళ్లకు ఉత్తరాలు రావు. ఉత్తరాలు అందుకోవాలంటే పోస్టాఫీసులో ఒక పెట్టె అద్దెకు తీసుకోవాలి. ఆ పెట్టె నంబరే చిరునామా. వీధి పేరుండదు, ఇంటి నంబరుండదు. కాకినాడలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరైన నాకు ఈ సంగతి మస్కట్ విమానం ఎక్కకముందే తెలుసు. దాదాపు ఇరవై ఏళ్లు అలాంటి ఒక నంబరుకు నేను ఉత్తరాలు రాశాను.

ఆ పెట్టె సూర్ అనే రేవు ఊళ్లో ఉంది. అది ఎస్. హమద్ గారిది. స్టాంపుల పత్రికలో ఆయన ప్రకటన చూశాను. జాగ్రఫీ టీచరునని, పాత మస్కట్ స్టాంపులు పోగుచేస్తానని ఉంది. నేను ‘డియర్ సర్’ అని మొదలుపెట్టి, పి. రత్నం, సబ్ పోస్ట్‌మాస్టర్ అని సంతకం పెట్టాను. ఆయన కూడా ‘డియర్ సర్’ అనే రాశారు. రత్నం ఆడమనిషి పేరని సూర్‌లో ఎవరికి తెలుస్తుంది? సరిదిద్దుదామనుకుంటూనే కొన్నేళ్లు గడిచాయి. ఆ తర్వాత చెప్పడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుందని ఊరుకున్నాను.

ఒక ఉత్తరానికి ఒక జవాబు. ఇదీ మా పద్ధతి. నా రిటైర్మెంటూ కరోనా ఒకేసారి వచ్చాయి. క్వార్టర్స్ ఖాళీ చేసి సామర్లకోట వెళ్లిపోతూ కొత్త చిరునామా రాసి పంపాను. విమానాలు ఆగిపోయిన రోజులవి. జవాబు రాలేదు. వంతు ఆయనదాయె, నేనెలా రాస్తానని బిగదీసుకుని కూర్చున్నాను. అలా ఏళ్లు దాటిపోయాయి.

అమ్మాయి కాన్పుకని మస్కట్ వచ్చాక ఆ పెట్టె నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తిరుగు ప్రయాణం శనివారం. బుధవారం సూర్ వెళ్లొస్తానన్నాను.

“ఉత్తరం రాస్తే సరిపోదా అమ్మా?” అంది అమ్మాయి.

“రాశాక జవాబు రాకపోతే ఏమనుకోవాలే?” అన్నాను. మనిషి ఉన్నాడో లేడో తెలుసుకోకుండా నేను విమానం ఎక్కలేను.

మా వియ్యపురాలు సుభద్రగారిది భీమవరం. ఆవిడా మనవరాలి కోసం వచ్చి, మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలోని మా అమ్మాయి ఫ్లాట్‌లోనే ఉంటున్నారు. “నేనూ వస్తానండి వదినగారూ. వచ్చిన కాణ్నించీ పసిదాని గుడ్డలు మడతపెట్టడమే గాని ఒమన్ చూసింది లేదు,” అన్నారు. ఆ సాయంత్రమే చింతపండు నానబెట్టి పులిహోరకు సిద్ధమయ్యారు.

బుధవారం పొద్దున్న ఏడు కాకముందే అల్లుడు మమ్మల్ని రువి బస్టాండులో దింపాడు. అక్కణ్నించి అల్ ఖువైర్‌లో తన ఆఫీసుకు పోవాలతను. “అమ్మా, ఇద్దరూ ఫోన్లు ఆపకండి. అత్తయ్యగారూ, సాయంత్రం బస్సు తప్పితే వేరే దారి లేదండి,” అని ఇద్దరికీ చెరో మాటా చెప్పి వెళ్లాడు. టికెట్లు డ్రైవరు దగ్గరే ఇచ్చారు. సూర్ వెళ్లాలనుకునేవాళ్లకు నా సలహా: సముద్రం వైపు, అంటే ఎడమ పక్క కూర్చోండి. ఏసీ గట్టిగా ఉంటుంది, శాలువా మరచిపోకండి.

దారిలో ఖురియాత్ ఊరు దాటేసరికి మేం పొట్లాలు విప్పాం. ఒక పక్క ఎర్రటి బోడి కొండలు, ఇంకో పక్క నీలం సముద్రం, చేతిలో పులిహోర. ఇద్దరికీ కలిపి నూట ముప్పై ఏళ్లుంటాయి. బడి ఎగ్గొట్టిన పిల్లల్లా ఒకటే నవ్వు.

“ఇంతకీ ఆ హమద్‌గారికి వయసెంతుంటుందంటారు?” సుభద్రగారు చిన్నగా అడిగారు.

“అరవై దాటుంటాయి. నన్ను మగాడనుకుంటున్నాడు.”

మంచినీళ్లు తాగుతున్న ఆవిడకు పొలమారింది, తేరుకోవడానికి చాలాసేపు పట్టింది.

స్టాంపుల్లో అంత ఏముందని అడిగితే చెప్పాను. ఈ దేశాన్ని సుల్తానులే ఏలారు గాని, తపాలా మాత్రం దొరల చేతుల్లో ఉండేది. మస్కట్ పోస్టాఫీసు మన ఇండియా తపాలా శాఖకు చెందినది. ముందు బొంబాయి కింద, తర్వాత కరాచీ కింద నడిచింది. మన స్టాంపులే, మన రూల్సే. ఒకసారి మన స్టాంపుల మీద రాజుగారి బొమ్మ పక్కనే అరబ్బీ అక్షరాలు అచ్చువేసి అమ్మారు. మనకు స్వతంత్రం వచ్చాక ఇంగ్లండువాళ్లే నడిపారు. అప్పుడు లండన్ స్టాంపుల మీద మన అణాలు అచ్చు గుద్దారు.

“ఇంగ్లండు రాణిగారి మొహమ్మీద అణాలా?” అన్నారు సుభద్రగారు. ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఊహించుకుని మళ్లీ నవ్వు మొదలుపెట్టారు.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. పేరు లింగన్న. జగిత్యాల దగ్గర ఊరు, సూర్‌లో ఏదో సైట్‌లో మేస్త్రీ. “తెలుగోళ్లా అమ్మా? మీ నవ్వు ఇనంగనే అనుకున్న. ఎక్కడికి వోతున్నరు?” అన్నాడు. సంగతంతా విని తల గోక్కున్నాడు. “బాక్స్ నంబర్‌తోని మనిషిని ఎట్ల పట్టుకుంటరమ్మా? మా కంపెనీకి గూడ బాక్సే ఉంది. రూమ్ ఏడుందో పోస్టోళ్లకేం ఎర్క?” అన్నాడు. అయినా బస్సు దిగాక టాక్సీవాడితో హిందీలో మాట్లాడి, పోస్టాఫీసు దగ్గర దింపమని పురమాయించాడు.

మేం చేరేసరికి పదకొండు దాటింది. పోస్టాఫీసు రెండింటికి మూస్తారట. ఒక గోడంతా పెట్టెలే. చిన్న చిన్న తలుపులు, తాళాలు, నంబర్లు. నా నంబరు వెతుక్కుని దాని మీద వేలు పెట్టాను. ఇన్నేళ్లూ నేను రాసిందంతా ఈ అరచేయంత తలుపులోంచే వెళ్లింది.

కౌంటర్లో దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీ వేసుకున్న కుర్ర ఆఫీసరు. నా ఇంగ్లీషంతా ఓపిగ్గా విని, “క్షమించండి మేడమ్. బాక్సు ఎవరిదో, వాళ్లిల్లు ఎక్కడో బయటివాళ్లకు చెప్పకూడదు. రూల్,” అన్నాడు.

సుభద్రగారికి కోపం వచ్చింది. “ఇంత దూరం వచ్చాం, కాస్త చెబితే అరిగిపోతాడా?”

“నేనైనా చెప్పను వదినగారూ,” అన్నాను. నిజానికి నాకు ముచ్చటేసింది. మా ఆఫీసులో ఎంతమంది సిఫారసులు పట్టుకొచ్చినా నేనూ ఇదే జవాబిచ్చాను. కాకపోతే కౌంటరుకు ఈ పక్క నిలబడితే ఆ రూలు ఇంత చేదుగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

బల్ల మీద కూర్చుని ఆలోచించాను. మళ్లీ లేచి వెళ్లి అడిగాను. “ఈ బాక్సుకు రిజిస్టర్డ్ ఉత్తరం వస్తే వాళ్లకు తెలిసేదెలా?”

“ఫోనుకు మెసేజ్ వెళ్తుంది మేడమ్.”

“ఇక్కడే, ఇప్పుడే రిజిస్టర్ చేస్తే?”

అతను నన్ను చూసి, పెట్టెల గోడను చూసి నెమ్మదిగా నవ్వాడు. “అది రూల్ ప్రకారమే కదా,” అని కవరూ పెన్నూ ముందుకు జరిపాడు.

రెండు వాక్యాలే రాశాను. ‘డియర్ సర్, నేను సూర్ పోస్టాఫీసులో ఎదురుచూస్తున్నాను. నాలుగింటి బస్సుకు వెళ్లిపోవాలి. పి. రత్నం.’ స్టాంపు అంటించి, నాలుగడుగుల దూరంలో ఉన్న పెట్టెకు రిజిస్టర్డ్ పోస్టు చేశాను. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత దగ్గరి ప్రయాణం చేసిన ఉత్తరాన్ని నేను చూడలేదు. అతను ఠప్పున ముద్ర కొట్టాడు. అటు రసీదు నా చేతికొచ్చింది, ఇటు మెసేజ్ వెళ్లింది.

ఎదురుగా మలయాళీ హోటల్లో కరక్ చాయ్, పరోటా తీసుకుని తలుపు మీద కన్నేసి కూర్చున్నాం. ఎవరెవరో వచ్చి పెట్టెలు తెరుచుకుని పోతున్నారు. నా పెట్టె దగ్గరికి ఎవరూ రాలేదు. ఒంటిగంట దాటింది. మళ్లీ పోస్టాఫీసు లోపలికెళ్లి బల్ల మీద కూర్చున్నాం. సుభద్రగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఉంటే ఫోను చూసుకోకపోవచ్చు, ఊళ్లో లేకపోవచ్చు. అసలు మనిషే లేకపోవచ్చు. అంతదాకా వచ్చాక నాకు నవ్వు రాలేదు.

కుర్ర ఆఫీసరు సగం లైట్లు ఆర్పాడు. అప్పుడు బయట ఒక కారు గట్టిగా బ్రేకు వేసి ఆగింది. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో, పెద్ద కళ్లద్దాలతో పొడుగాటి పెద్దావిడ ఫోను ఎత్తి పట్టుకుని విసవిసా లోపలికొచ్చింది. ఉత్తరం తీసుకుని అక్కడే చింపి చదివింది. కౌంటరు మీద చెయ్యి ఆనించి, అతనితో అరబ్బీలో ఏదో గట్టిగా అంది. అతను మా వైపు చూపించాడు.

ఆవిడ నా ముందుకొచ్చి, సూర్ పెద్దవాళ్లు చాలామంది మాట్లాడే బొంబాయి హిందీలో అడిగింది. “ఈ చేతిరాత రత్నంగారిది. ఆయన చనిపోయి ఐదేళ్లయింది. ఇది ఎవరు రాశారు? మీరు ఆయన భార్యా?”

“రత్నమనే మగాడెవరూ లేడమ్మా,” అన్నాను. “నేనే రత్నాన్ని. హమద్‌గారు మీకేమవుతారు?”

“హమద్ మా నాన్న. ఎస్. హమద్ నేను. సల్మా.”

ముందు నవ్వింది సుభద్రగారు. ఆ నవ్వు ఆవిడ నుంచి నాకు, నా నుంచి సల్మాకు పాకింది. సల్మా కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటూ, నా భుజం పట్టుకుని, “డియర్ సర్, డియర్ సర్,” అంటూ ఊపేసింది. మగ టీచరనుకుంటే జవాబులు త్వరగా వస్తాయని మొదట్లో ఊరుకుందట. తర్వాత నాలాగే చెప్పడానికి మొహమాటపడింది. ఏం జరుగుతోందో తెలియని ఆఫీసరు ఆర్పిన లైట్లు మళ్లీ వేశాడు.

సల్మా ఇల్లు ఉప్పుటేరు ఒడ్డున. మేడ మీంచి చూస్తే తెల్లటి లైట్‌హౌసు, దూరంగా చెక్క ఓడలు తయారుచేసే చోటు కనిపిస్తాయి. అందరం ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని అన్నం, కాల్చిన చేప తిన్నాం. గోదావరి జిల్లావాళ్లకు చేప ఎలా ఒలవాలో ఎవరూ నేర్పక్కర్లేదు.

నేనెలా చచ్చానో అప్పుడు తెలిసింది. కొత్త చిరునామా పంపిన నా ఉత్తరం తనకు చేరనే లేదు. కాకినాడకు తను రాసింది మాత్రం ‘చిరునామాదారు లేరు’ అన్న ముద్రతో వెనక్కి వచ్చింది. ఉత్తరాలు దారి మళ్లించమని నేనిచ్చిన అర్జీకి అప్పటికి గడువు తీరిపోయింది. నా కుర్చీలో కూర్చున్నవాడు రూలు తప్పకుండా ఆ ముద్ర కొట్టాడు. “లేరు అంటే ఇంకేం అనుకోవాలి?” అంది సల్మా. “ఆ వారం స్టాంపుల పెట్టె తెరవలేదు. నాకు అన్నలు ముగ్గురున్నారు. నాలుగో అన్న పోయినట్టు ఏడ్చాను.”

ఉన్నాను కదా అని ఆమె చెయ్యి నొక్కాను.

కాఫీలు తాగుతూ మా ఉత్తరాల్లోని పాత తగాదా తీశాం. సల్మా తాతగారు సరుకు ఓడకు కెప్టెను. ఆ రోజుల్లో సూర్‌లో పోస్టాఫీసు లేదు. ఊరివాళ్ల ఉత్తరాలు బొంబాయికి ఆయనే పట్టుకెళ్లేవాడు. దొరల తపాలా చట్టం ప్రకారం ఉత్తరాలు మోసే హక్కు పోస్టాఫీసుదే. దారినపోయే స్నేహితుడు ప్రతిఫలం లేకుండా పట్టుకెళ్తే తప్పు లేదు. కాని ఊరివాళ్లు ఆయనకు ఖర్జూరం బుట్టలిచ్చేవారు. అది ప్రతిఫలమని నేను, కాదని సల్మా. పదేళ్లు పోట్లాడాం.

“తీర్పు మీరు చెప్పండి,” అని సల్మా సుభద్రగారిని అడిగింది.

ఆవిడ తీరిగ్గా హల్వా ముక్క మింగి, “మా ఊరి బస్సు డ్రైవరు చేత మా అమ్మాయికి ఆవకాయ పంపేదాన్ని. అతనికీ ఒక సీసా ఇచ్చేదాన్ని. అదేమన్నా జీతమా? అభిమానం,” అన్నారు. హిందీ ఆవిడకు నాలుగు ముక్కలే వచ్చు. నేనే అనువదించాల్సి వచ్చింది. నా మీద ఇచ్చిన తీర్పును నా నోటితోనే చదివాను. సల్మా గెలిచినందుకు చప్పట్లు కొట్టింది.

నాలుగింటి బస్సుకు సల్మాయే కారులో దింపింది. ఫోను నంబర్లు తీసుకున్నాం గాని, ఉత్తరాలు ఆపకూడదని ఒట్లు పెట్టుకున్నాం. బస్సు మలుపు తిరిగేదాకా నల్ల అబాయా చెయ్యి ఊపుతూనే ఉంది.

సూర్ వెళ్లేవాళ్లు ఓడలు చూడండి, ఉప్పుటేరు చూడండి. శుక్ర, శని మాత్రం వెళ్లకండి, పోస్టాఫీసు తెరవరు. నావరకు నేను చూసిన ఒమన్ మొత్తంలో గుర్తుండేది ఆ పెట్టెల గోడే. పైకి ఒక్క పేరైనా కనిపించదు. ప్రతి తలుపు వెనకా ఎవరో ఒకరు ఉన్నారని ఇప్పుడు నాకు తెలుసు.

సముద్రం మీద ఎండ పసుపురంగుకు తిరిగింది. సుభద్రగారు నిద్రపోయారనుకున్నాను. కళ్లు తెరవకుండానే అడిగారు.

“వదినగారూ, తాడేపల్లిగూడెంలో నాతో చదువుకున్న కృష్ణకుమారి అని ఉండేది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోయింది, వీధి తెలీదు. రైసుమిల్లు ఎదురుగా డాబా ఇల్లు అని రాస్తే చేరుతుందంటారా?”

“చేరుతుంది,” అన్నాను.

ఆవిడ లేచి సరిగ్గా కూర్చుని, నా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నారు.