పోర్ట్ ఫెయిరీలో పగలే దీపాలు వెలిగే ఇల్లు

మా గదిలో మాటలు ఆగిపోయి వారమైంది, అందుకే ఈ ప్రయాణం. నేనూ స్వాతీ మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌లో ఒకే గదిలో ఉంటూ, యూనివర్సిటీ క్లాసులయ్యాక ఒకే రెస్టారెంట్‌లో పనిచేసేవాళ్లం. ఓనరు మా చర్చి అంకులే. నూనెలో వేయించే ఫ్రయ్యర్ పాడైందని స్వాతి ఆయనకు రెండుసార్లు చెప్పింది. చివరికి తన చెయ్యే కాలింది. ఆయనేమో "పిల్ల అజాగ్రత్త" అన్నాడు. జరిగింది చూసినదాన్ని నేనొక్కదాన్నే, సోమవారం ఆ ప్రమాదం మీద విచారణ. ఉద్యోగం ఇచ్చిన మనిషికి ఎదురెలా చెప్పను? "నేనెవరి వైపూ కాదే" అన్నాను. తను అటు తిరిగి పడుకుంది.

శనివారం పొద్దున్నే సదరన్ క్రాస్ స్టేషన్‌లో వార్నంబూల్ రైలెక్కాను. మూడున్నర గంటలకు పైనే పట్టింది. అక్కణ్ణుంచి బస్సులో పోర్ట్ ఫెయిరీ ఇంకో నలభై నిమిషాలు. ఛార్జీ పదకొండు డాలర్లు దాటలేదు. దిగేసరికి ఊరంతా పొగమంచు, ఎక్కడా మనిషి అలికిడి లేదు. సముద్రం వైపు ఒక్క ఇల్లు మాత్రం మిట్టమధ్యాహ్నం గదిగదికీ దీపాలతో వెలిగిపోతోంది. గోడ నిండా స్వీడన్ జెండా, దాని మీదకు రెండు పెద్ద లైట్లు. గేటుకు టీ దొరుకుతుందన్న బోర్డు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అట్నుంచటే పరుగు!

ఇంటామె ఆలిస్‌కు డెబ్బై దాటాయి. వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో స్వీడన్ సరుకు ఓడలో పనిచేశాడట. స్వీడన్ ఎవరి పక్షమూ కాదు. మిగతా ఓడలు దీపాలార్పుకుని దొంగల్లా పోతుంటే, వీళ్లది జెండాకు లైట్లు వేసుకుని వెళ్లేదట, ఎవరూ పొరపాటున పేల్చెయ్యకుండా.

"ఒకరాత్రి, మునిగిపోయిన ఓడలోని మనుషులతో లైఫ్‌బోట్ ఎదురైంది. సబ్‌మెరైన్ దగ్గర్లోనే ఉందేమోనని కెప్టెన్ ఓడ ఆపనివ్వలేదు" అంది టీ పోస్తూ.

"కేకలు వేశారా?"

"లేదమ్మా. ఊరికే చూశారు. మా లైట్లు వాళ్ల ముఖాల మీద పడ్డాయి. ఒకతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడట."

"మరి ఇప్పటికీ ఈ దీపాలెందుకు?"

"వాళ్లు ఒడ్డు చేరి మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారని నాన్న ఆర్పనిచ్చేవాడు కాదు. ఆయన పోయాక ఆర్పుదామని స్విచ్ దాకా వెళ్తాను. చెయ్యి రాదు."

తిరుగు బస్సులో కిటికీ వైపు చూడలేకపోయాను. ఎవరి జోలికీ పోని దేశాలు యుద్ధంలో హాయిగా బతికాయనుకునేదాన్ని. వాళ్లకూ అన్నీ కనిపించాయి, బహుశా అందరికంటే బాగా. నన్ను చూసి నాకే భయమేసింది. వార్నంబూల్ స్టేషన్ నుంచి స్వాతికి ఫోన్ చేశాను.

"మండే ఎంక్వైరీకి నేనూ వస్తున్నా. చూసింది చూసినట్టు చెప్తా."

"నీ జాబ్ పోద్దే" అంది.

"పోనీ."

మీరూ వెళ్తుంటే ఒక్క సూచన: రైలు కదిలాక చాలాదూరం సిగ్నల్ సరిగా ఉండదు. ఎవరికైనా చెప్పాల్సిన మాట ఉంటే ప్లాట్‌ఫామ్ మీదే చెప్పెయ్యండి.