తాళాలక్క బదిలీ

ఆఫీసులో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. అలాగని ఆమె దగ్గర తాళాల గుత్తేమీ ఉండదు. పాపం, సొంత సొరుగుకి ఉన్న ఒక్క తాళంచెవీ ఎప్పుడో పోగొట్టుకుంది. ఆమె చూసుకునేవి కంటికి కనిపించని తాళాలు.

ఆ కంపెనీ బస్సు డిపోలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ డ్రైవరుకు ఏ డ్యూటీ, ఒకాయనకు జ్వరమొస్తే ఆ బండి ఎవరికివ్వాలి, ఇదంతా అదే లెక్కగట్టి చెబుతుంది. దాని మీద పద్దెనిమిదిమంది ఇంజినీర్లు పనిచేస్తారు. అంతమందీ ఒకే ఫైలులో వేళ్ళు పెడితే ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. అందుకని ఎవరు ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకుని పాత ప్రతులన్నీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇంకొకటి ఉంటుంది. దాన్ని వర్షన్ కంట్రోల్ అంటారు. ఈ ఆఫీసులో ఉన్నది మాత్రం తాతల కాలం నాటిది. దానికి తెలిసిన విద్య ఒక్కటే. ఒకరు ఫైలు తీసుకోగానే దానికి తాళం వేసేస్తుంది. వాళ్ళు తిరిగి పెట్టేదాకా మిగతావాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి.

పైగా కంపెనీ పిసినారితనం ఒకటి. కొన్న రోజున నలుగురి పేర్లకే అనుమతి తీసుకుంది. అందులో మూడు పేర్లు, జీవితంలో ఒక్క లైను కూడా రాయని పెద్దలకు పోయాయి. నాలుగోది కొత్తగా చేరిన ఈమెకు దక్కింది. చేతిరాత బాగుందని మెచ్చుకుని తరగతి హాజరుపట్టీ మొత్తం నెత్తిన పెట్టినట్టుగా అయింది ఆమె పని. అప్పటినుంచీ ఎవరికి ఏ ఫైలు కావాలన్నా ఆమె తన పేరు మీద తీసివ్వాలి, వాళ్ళు రాసి తెచ్చింది మళ్ళీ తన పేరు మీదే లోపల పెట్టాలి.

"అక్కా, డ్యూటీల ఫైలు తాళం ఎవరి దగ్గరుంది?"

"మీసాలాయన దగ్గర. పొద్దున్నించీ వదల్లేదు."

"పుణ్యముంటుంది, ఒక్కసారి అడిగిపెట్టవా?"

తాళం వదిలేదాకా రోజుకు పదిసార్లు ఇదే మాట. పదహారేళ్ళు. ఫైలు లోపల పెట్టేటప్పుడు ఆ పాత సాఫ్ట్‌వేర్ 'ఏం మార్చారు?' అని ఒక గడి చూపిస్తుంది. అది ఖాళీగా ఉంటే ఒప్పుకోదు. వెనకాల నలుగురు నిలబడి తొందరపెడుతుంటే వివరాలు రాసే తీరిక ఎవరికుంది? ఆమె ఒక చుక్క పెట్టి నొక్కేసేది. ఆ సాఫ్ట్‌వేర్ ఎంత మొండిదో అంత అమాయకం కూడా. చుక్కతోనే తృప్తి పడేది.

ఇలా రోజులు గడిచిపోయేవే. కానీ మూడేళ్ళ కిందట భర్త పనిచేసే కంటి ఆసుపత్రివాళ్ళు ఆరుగంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో కొత్త శాఖ తెరిచి, ఆయనలా పరీక్షలు చేసే టెక్నీషియన్లందరినీ అక్కడికి పంపారు. భర్తకు డ్యూటీ రెండింటికి ముగుస్తుంది, ఈమె ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. కాబట్టి ఐదేళ్ళ పాప తండ్రితోనే వెళ్ళింది. ఆ ఊళ్ళో ఈమె కంపెనీకి కూడా ఒక శాఖ ఉంది. "ఆర్నెల్లలో బదిలీ చేయించుకుని వచ్చేస్తానమ్మా" అని ఈమె రైలు కిటికీలోంచి పాప చెయ్యి పట్టుకుని చెప్పింది. మూడేళ్ళలో మూడుసార్లు బదిలీ అడిగింది. మూడుసార్లూ ఒకే జవాబు. మీరెళ్ళిపోతే తాళాలెవరు చూస్తారు?

మానేద్దామంటే భర్తది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఇల్లు నడిచేది ఈమె జీతం మీద. కుట్టుమిషన్ల దుకాణం మీది ఒంటిగదిలో ఉంటూ, వారంలో ఐదు రోజులు కింద టకటకలు వింటూ, శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, ఆదివారం సాయంత్రం తిరుగు రైలెక్కడం. అదే ఆమె సంసారం.

కొత్తగా వచ్చిన మేనేజరు రెండో వారంలోనే ఆమెను పిలిచాడు. చురుకైనవాడు, మాట కూడా మెత్తన.

"మేడమ్, ఈ తాళాల గోల ఏంటండీ? ప్రపంచంలో ఎవరూ ఇలా పనిచెయ్యట్లేదు. మంచివి మూడు తీసుకుని పోల్చి చూడండి. ఏది మనకి పనికొస్తుందో మీరే చెప్పండి. పాతదాన్లో ఉన్నదంతా కొత్తదాన్లోకి మార్చండి."

"మార్చాక?"

"మార్చిన రోజే మీ బదిలీ మీద సంతకం పెడతాను. మాట."

ఆ రోజు ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగింది. నలభై దాటిన మనిషి.

సబ్‌వర్షన్, మెర్క్యురియల్, గిట్. ఈ మూడింటినీ ఆరు వారాలు కూర్చోబెట్టి పరీక్షించింది. కూరగాయలు గిచ్చి చూసి కొనే మనిషి ఆమె, సాఫ్ట్‌వేర్‌నూ అలాగే చూసింది. సబ్‌వర్షన్ నెమ్మదస్తురాలు. అంతా ఒక్కచోట ఉంటుంది, తాళం కావాలంటే వేసుకోవచ్చు, అక్కర్లేదంటే మానుకోవచ్చు. పాత అలవాటు ఉన్నవాళ్ళకు రెండు రోజుల్లో పట్టుబడుతుంది. కానీ మార్పులు దాచే ఆ ఒక్క కంప్యూటరు పడుకుంటే పద్దెనిమిదిమందీ చేతులు కట్టుకోవాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషి కావాలి. 'ఒక మనిషి' అని రాసి అక్కడే చాలాసేపు ఆగింది. ఆ మనిషి ఎవరో ఆమెకు చెప్పాలా?

మెర్క్యురియల్ మర్యాదస్తురాలు. మాట వింటుంది, తప్పు చేస్తే అర్థమయ్యేలా చెబుతుంది, ఎవరేం మార్చారన్న చరిత్ర మొత్తం ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటుంది. కానీ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళలో అది తెలిసినవాళ్ళు తక్కువ. గిట్ కూడా చరిత్ర మొత్తాన్ని ప్రతి ఒక్కరి చేతిలో పెడుతుంది. ఎవరి కొమ్మ మీద, అంటే ఎవరి సొంత ప్రతి మీద, వాళ్ళు రాసుకుని తర్వాత కలుపుకోవచ్చు. చేరేవాళ్ళందరికీ అది ముందే వచ్చు. కాకపోతే దాని ఆదేశాలు నేర్చుకునేసరికి తలప్రాణం తోకకొస్తుంది, ఒక్కోసారి అది చెప్పే మాట దానికైనా అర్థమవుతుందో లేదో.

ప్రయోగంగా ఇద్దరికి గిట్ ఇచ్చింది. ఒకరు డ్యూటీల లెక్కలు రాసే మీసాలాయన, ఇంకొకరు సాఫ్ట్‌వేర్ తెర మీద ఎలా కనిపించాలో రాసే అమ్మాయి. మొదటిరోజు ఇద్దరూ అలవాటు కొద్దీ వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డారు.

"తాళం అక్కర్లేదు, పొండి. ఇద్దరూ ఒకేసారి రాసుకోండి."

"ఒకే ఫైలా? కొట్టుకుంటాం కదక్కా?"

"కొట్టుకుంటే ఎక్కడ కొట్టుకున్నారో అదే చూపిస్తుంది. అప్పుడు కూర్చుని తేల్చుకోండి."

సాయంత్రానికి నిజంగానే ఒకచోట కొట్టుకున్నారు. పది నిమిషాల్లో తేల్చుకున్నారు. మర్నాటినుంచి ఆమె బల్ల దగ్గరకు ఎవరూ రాలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు ఎంత హాయిగా ఉందంటే, మధ్యాహ్నం కాసేపు ఊరికే కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నివేదికలో గిట్ అని రాసింది. ఆఫీసుకు మంచిదని రాశానా, నన్ను వదిలేస్తుందని రాశానా అని తనను తాను ప్రశ్నించుకుంది. రెండూ నిజమే అనిపించింది. అందులో తప్పేముంది?

ఇక పాత చరిత్రనంతా గిట్‌లోకి మార్చి చూపించే రోజు వచ్చింది. మేనేజరుతోపాటు కంపెనీ పెద్దాయన కూడా వచ్చి కూర్చున్నాడు. మీటింగు గదిలో గోడ మీద తెర. అంతా సజావుగా నడిచింది. చివర్లో మేనేజరు ఉత్సాహంగా, "ఇందులో ఒక మంచి సంగతుంది సార్. ఏ లైను ఎవరు రాశారో క్షణంలో చెబుతుంది. ఆదేశం పేరే బ్లేమ్, అంటే ఎవర్ని తిట్టాలో వెతుక్కోనక్కర్లేదు" అని నవ్వుతూ డ్యూటీల ఫైలు తెరిచాడు.

ప్రతి లైను పక్కనా ఆమె పేరే ఉంది. కిందికి జరిపాడు. ఆమె పేరే. ఇంకో ఫైలు తెరిచాడు. బస్సుల వేళలు, సెలవులు, టికెట్ల యంత్రం, అన్నిటా ఆమె పేరు, పక్కన ఒక చుక్క.

మూడు సాఫ్ట్‌వేర్లను గిచ్చి గిచ్చి చూసిన మనిషికి, పదహారేళ్ళుగా తాను ఏ పేరు మీద తాళాలు తీస్తోందో తట్టనే లేదు.

"ఇదంతా మీరే రాశారా?" పెద్దాయన కళ్ళద్దాలు తీసి అడిగాడు.

"లేదు సార్. రాసింది వాళ్ళు. నేను లోపల పెట్టానంతే."

"అలా అని ఎక్కడుంది?"

ఎక్కడుంది? రాసినవాళ్ళలో సగంమంది ఎప్పుడో మానేసి వెళ్ళిపోయారు. మీసాలాయన లేచి, "డ్యూటీల లెక్క నాది సార్" అన్నాడు. పెద్దాయన వినయాన్ని మెచ్చుకున్నట్టు తలూపాడు గానీ నమ్మలేదు. డిపోలో ఏదైనా తప్పు జరిగితే ఈవిడ లేకుండా ఎవర్ని అడుగుతామయ్యా అని మేనేజరు వైపు తిరిగాడు.

మేనేజరు ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు. గది బయటికొచ్చాక మెల్లగా చెప్పాడు. "ఒక పని చెయ్యండి మేడమ్. ఏ మార్పు ఎవరిదో ఒక జాబితా రాసివ్వండి. దాని ప్రకారం పేర్లు మార్చేసి చరిత్రని మళ్ళీ ఎక్కిద్దాం. మీ పేరు పోతే ఆయనకి నేను సర్దిచెబుతాను."

నాలుగు వారాలు. పొద్దున అందరికన్నా ముందు వచ్చి కూర్చునేది. ఒక్కొక్క చుక్క ముందు ఆగి, తేదీ చూసి, గుర్తుచేసుకునేది. ఇది లిఫ్టు ఆగిపోయిన రోజు, పొడుగాయన ఆరంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ ఇచ్చిన ఫైలు. ఇది కవలల తల్లి సెలవులో వెళ్ళేముందు ఇచ్చింది. ఇది ఇద్దరు మాట్లాడుకోవడం మానేసిన నెల, ఒకరి ఫైలు ఒకరికి తనే మోసింది. మానేసినవాళ్ళకు ఫోన్లు చేసి ఖాయం చేసుకుంది. ఒకాయన, "నా పేరు అందులో లేదా అక్కా? ఆ లెక్క కోసం రెండేళ్ళు పోగొట్టుకున్నాను" అన్నాడు. ఆమెకు సిగ్గేసింది. "ఇప్పుడు రాస్తున్నాను" అంది.

వరుసగా రెండు శుక్రవారాలు రైలెక్కలేదు. "ఇదొక్కటీ అయిపోతే ఇక మీ దగ్గరే ఉంటానమ్మా" అని పాపకు ఫోనులో చెప్పింది. "సరే" అంది పాప. పిల్లలు అంత తేలిగ్గా సరే అనకూడదు. ఆ మాట ఆమెను రెండు రోజులు పట్టి పీడించింది.

జాబితా పూర్తయింది. నాలుగువేల పైచిలుకు మార్పులు, ముప్పైఒక్కమంది మనుషులు. వాటిలో నిజంగా ఆమె సొంతంగా రాసినవి తొమ్మిది. పదహారేళ్ళకు తొమ్మిది. ఇంకొకరైతే ఏడ్చేవారేమో, ఆమెకు మాత్రం అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదనిపించింది. తొమ్మిది మార్పులు చేసిన మనిషి పోతే ఏ బస్సు ఆగుతుంది?

పెద్దాయన జాబితా అంతా తిరగేశాడు. నమ్మకం చాలక, మానేసిన ముగ్గురికి తనే ఫోను చేశాడు. ఎక్కడెక్కడో పట్టి పట్టి ఇరవై మార్పుల గురించి అడిగాడు. ఇరవైకి ఇరవై సరిపోయాయి. ఫోను పెట్టేసి మేనేజరు వైపు చూశాడు.

"చూశావా? మనుషులు వెళ్ళిపోయారు, సాఫ్ట్‌వేర్ మర్చిపోయింది, ఈవిడ మర్చిపోలేదు. ఇలాంటి మనిషిని పంపించెయ్యమంటావా నువ్వు?"

"సార్, ఇప్పుడది నా తలలో లేదు. మొత్తం కాగితం మీద పెట్టేశాను" అంది ఆమె.

"కాగితాన్ని ప్రశ్న అడిగితే జవాబు చెప్పదు కదమ్మా." ఆయన మాటలో కోపం లేదు, వెటకారం లేదు, నిజమైన అభిమానం ఉంది. అభిమానంతో ఎలా పోట్లాడాలో ఆమెకు తెలియలేదు. జీతం పెంచుతామన్నాడు. కిటికీ ఉన్న గది ఇస్తామన్నాడు. మేనేజరు సంతకం పెట్టని బదిలీ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టేశాడు.

ఆ శనివారం భర్తా, పాపా, ఆమె ముగ్గురూ చెప్పుల దుకాణానికి వెళ్ళారు. పాప బడి బూట్లు బిగుతైపోయాయట. ఆమె ఇంకా ఇంట్లో ఏమీ చెప్పలేదు. సాయంత్రం చెబుదామనుకుంది. దుకాణం మనిషి పాప ముందు కింద కూర్చుని, తలెత్తి ఆమెను అడిగాడు.

"సైజెంతమ్మా?"

"పదకొండు" అంది ఆమె వెంటనే.

"అది ఎప్పటిదో అమ్మా" అంది పాప. ఆ గొంతులో అలక లేదు, ఇంటికొచ్చిన చుట్టానికి దారి చెబుతున్నట్టు ఓపిగ్గా ఉంది. "నాన్నని అడుగు, నాన్నకి తెలుసు."

ఆమె పక్కకు తిరిగి భర్తను అడిగింది.